హిమపండితుడు

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, సుమారు 12,500 అడుగుల ఎత్తున ఉన్న కేదార్‌కంఠ శిఖరానికి చలికాలంలో మంచు మీద నడిచి వెళ్లే ట్రెక్కర్లలో ప్రత్యేక అధ్యయనానికి తగిన ఒక రకం మనిషి కనిపిస్తాడు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బృందాలలో ఇతనికి కొరత ఉండదు. ఇతనిని హిమపండితుడు అనవచ్చు. అంతకుముందు మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసి ఎరుగకపోయినా, ఆ లోటు ఇతని పాండిత్యానికి ఏనాడూ అడ్డు రాలేదు.

డెహ్రాడూన్ నుంచి సాంక్రీ గ్రామం దాకా సాగే దాదాపు 200 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం ఇతని ఉపన్యాసానికి పీఠిక మాత్రమే. నూలు బట్ట చెమటను పీల్చుకొని త్వరగా ఆరదనీ, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుందనీ, అందుచేత చెమటను బయటికి పంపే లోపొర, వెచ్చదనాన్ని నిలిపే నడిమిపొర, గాలినీ మంచునూ ఆపే పైపొర తప్పనిసరి అనీ ఇతను బోధిస్తాడు. ఇవన్నీ నిజాలే. నడక మొదలైన కాసేపటికే ఒళ్లు వేడెక్కుతుంది కనుక ఒక పొర విప్పాలన్నది కూడా నిజమే గాని, అది గైడు చెప్పిన మాట కావడం వల్ల ఇతనికి చెవికెక్కదు. మోకాలి కింది నుంచి బూటు దాకా కప్పి లోపలికి మంచు చొరకుండా చూసే తొడుగులను గైటర్లు అంటారు. జారకుండా బూటు అడుగున తగిలించే ఉక్కుముళ్ల గొలుసులను మైక్రోస్పైక్స్ అంటారు. వీటి ధరలనూ రకాలనూ కంఠతా చెప్పగల పండితుడు ఎడమ కాలి గైటరును కుడి కాలికి బిగించుకున్నాక, దాన్ని విప్పి సరిగా తొడిగే భారం సాంక్రీ కుర్రవాడైన ఆ గైడు మీదే పడుతుంది.

శిఖరానికి తెల్లవారుజామున చీకట్లోనే బయలుదేరతారు. కొత్తగా పడిన మంచులో ముందు నడిచేవాడు మోకాలి లోతున దిగబడుతూ దారి చేస్తే, వెనుకవారు ఆ జాడల్లో కాలు పెడితే చాలు. దారి చేసే పని గైడుది, అడుగులు మరీ దూరదూరంగా పడుతున్నాయని వెనుక నుంచి విమర్శించే పని పండితుడిది. అయితే ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులైనా ఉండదు కనుక శ్వాసకు అందే ఆక్సిజన్ తగ్గి, వాక్యం క్రియాపదానికి చేరేలోపే ఇతని ఊపిరి అయిపోతుంది. ఎదురుగా కనిపించే స్వర్గారోహిణి శిఖరాల కంటే ఈ మౌనాన్నే బృందం ఎక్కువగా ఆస్వాదిస్తుందంటే అతిశయోక్తి కాదు.

దిగువ శిబిరానికి చేరగానే ఊపిరితోపాటు ఉపన్యాసమూ తిరిగి వస్తుంది. గుడారపు గుడ్డ గాలిని ఆపినంతగా మాటను ఆపలేదు కాబట్టి, ఇతనితో ప్రయాణించవలసి వచ్చిన పాఠకులు తమ గుడారాన్ని వీలైనంత దూరంగా వేయించుకోవలసిందిగా మనవి.