అన్నిటికీ ‘నో’ కొట్టేద్దాం

విమానం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో దిగబోయే ముందు చేతికిచ్చే ప్రయాణికుల కార్డును మించిన సత్యపరీక్ష మనవాళ్లకు ఇంకోటి లేదు. తినే పదార్థాలు తెస్తున్నారా, గింజలూ విత్తనాలూ ఉన్నాయా, మన్నంటిన చెప్పులున్నాయా, గత 30 రోజుల్లో పొలానికో పశువుల దగ్గరికో వెళ్లారా అని వరసబెట్టి అడుగుతుంది. మొన్నటిదాకా గేదెల కొట్టంలో తిరిగి, పెట్టెనిండా కందులు, ఎండుమిర్చి, ధనియాలు, పాలకోవా సర్దించుకొచ్చిన పెద్దాయన, పక్కసీటు కుర్రాడి సలహా మీద పైనుంచి కిందదాకా ‘నో’ గడుల్లో ఇంటూలు కొట్టేస్తాడు. సలహాదారులకేం కొరత? ధనియాల పొట్లం మందుల సంచిలో పెట్టాలని ఒకరు, కోవా డబ్బా చీర మడతల్లో దాయాలని ఇంకొకరు. ఈ విద్య మొత్తానికీ మూలసూత్రం ఒక్కటే: ‘గుప్పెడు గింజలతో అంత పెద్ద ఖండానికి ఏమవుతుందండీ?’

ఏమవుతుందో ఆ ఖండం ఇదివరకే చూసింది. 1859లో విక్టోరియాలో ఓ దొర వేట సరదాకు కాసిని కుందేళ్లను వదిలాడు. వాటి సంతానం దేశం పచ్చికంతా మేసింది. ఎర్రరంగు తీసే పురుగుల్ని పెంచడానికీ, కంచెలకీ పనికొస్తుందని తెచ్చి నాటిన నాగజెముడు 1925 నాటికి దాదాపు 2.4 కోట్ల హెక్టార్లను కప్పేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణమే 2.75 కోట్ల హెక్టార్లు. అంటే మన రెండు రాష్ట్రాలకు కాస్త తక్కువగా ముళ్లడొంక! చివరికి అర్జెంటీనా నుంచి ఒక చిమ్మటను తెచ్చి తినిపిస్తే గానీ అది లొంగలేదు. వీటిని తెచ్చినవాళ్లలో ఎవరికీ దురుద్దేశం లేదు. వాళ్లూ ‘ఏమవుతుందిలే’ అనుకున్నవాళ్లే.

ఇక మన గుప్పెడు గింజల సంగతి. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు పుట్టిల్లు మన ఉపఖండమే. పెరిగిన పురుగు రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. దాని నూగు పిల్లపురుగు సంచి కుట్టులోనో అట్టపెట్టె మడతలోనో దూరి, తిండి లేకుండా ఏళ్లతరబడి బతికేస్తుంది. చాలా పురుగుమందులను ఖాతరు చెయ్యదు. గోధుమ ఎగుమతి మీద బతికే దేశంలో అది స్థిరపడితే కొనేవాళ్లు ఆ ధాన్యానికి తలుపులు మూసేస్తారు. అందుకే 2020 నుంచి బియ్యం, కందులు, పెసలు, ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర ప్రయాణికుల సామానులో తేవద్దన్నారు. పాలకోవా మీద కోపానికీ కారణముంది. గాలికుంటు వ్యాధి మన పశువుల్లో మామూలు. ఆస్ట్రేలియాకు 1872 తర్వాత దాని ముఖం తెలియదు. 2001లో బ్రిటన్‌లో అది చెలరేగితే 60 లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. పందులకు పెట్టిన ఎంగిలికూడులో దొంగచాటుగా దిగుమతైన మాంసం కలవడమే మూలమని అనుమానించారు. ఇంత తెలిశాక కూడా 2021లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో, ఇండియా నుంచి దిగిన ప్రయాణికులు వదిలేసిపోయిన ఒక పెట్టెలో రెండు పిడకలు బయటపడ్డాయి. గాలికుంటు భయంతో అధికారులు వాటిని నాశనం చేశారు. అమెరికాలో పొయ్యి వెలిగించడానికి మన పిడకే కావాలన్నంత దేశభక్తి ఎవరిదో గాని, మెచ్చుకోవాల్సిందే.

‘ఇదంతా మనమంటే చిన్నచూపు’ అనేది తర్వాతి బాణం. 2025లో మెల్‌బోర్న్‌లో దిగిన ఒక మలయాళ నటికి సంచిలో ఉన్న మల్లెదండకు 1,980 డాలర్లు, మన లెక్కలో లక్షా 14 వేల రూపాయలు జరిమానా పడినప్పుడు ఈ బాణాలు జోరుగా లేచాయి. కానీ 2022లో బాలి నుంచి డార్విన్ వచ్చినాయన సంచిలో దొరికిన రెండు మెక్‌మఫిన్లకు 2,664 డాలర్లు పడ్డాయి. హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతుల కుక్కపిల్లల్ని 2015లో తిప్పి పంపారు. అప్పటి ఆయన భార్య కోర్టులో ఒప్పుకున్న నేరం కూడా అదే కార్డులో నిజం దాచడమే. సిడ్నీ నుంచి పెర్త్‌కు దేశంలోనే ఎగిరేవాళ్ల దగ్గర తేనె, పండ్లు లాగేసుకుంటారు. సొంతవాళ్లనే నమ్మనివాళ్లు మనల్ని ప్రత్యేకంగా అవమానించడానికి తీరిక చేసుకుంటారా? వివక్ష ఎప్పుడూ లేదని కాదు. 2021 మేలో, కోవిడ్ వేళ, ఇండియా నుంచి ఇంటికొచ్చే తన సొంత పౌరుల్నే, ఈ జరిమానాలు వేసే చట్టాన్నే చూపించి ఐదేళ్ల జైలని ఆ ప్రభుత్వం బెదిరించింది. అమెరికా, బ్రిటన్ అదే కోవిడ్‌తో అల్లాడినప్పుడు అక్కణ్నుంచి వచ్చేవాళ్లను అంతమాట అనలేదు. అక్కడ అడగాల్సింది గట్టిగా అడగాలి. ఆ ఫిర్యాదుకున్న బరువును ధనియాల పొట్లం కోసం ఖర్చు పెట్టేస్తే, రేపు నిజమైన అన్యాయం జరిగినప్పుడు మన మాట ఎవరు వింటారు?

‘ఓడల్లో వేల కంటైనర్లు దిగుతుంటే మా పెట్టె మీదే పడతారేం?’ అనేవాళ్లూ ఉన్నారు. కంటైనర్లకు పత్రాలు, పొగబెట్టడాలు, తనిఖీలు ఉంటాయి. మన పెట్టెకున్న ఏకైక పత్రం ఆ కార్డు, దాంట్లో రాసింది అబద్ధం. అసలు హాస్యం ఏమిటంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి జరిమానాయే లేదు. చూస్తారు, పనికొస్తే ఇస్తారు, లేకపోతే తీసుకుంటారు. సిడ్నీలోని హ్యారిస్ పార్క్ దుకాణాల్లో తనిఖీ అయి వచ్చిన కందిపప్పు కొద్ది డాలర్లకే దొరుకుతుంది. అంటే కాసిని డాలర్ల పప్పు కోసం వేల డాలర్ల జూదమాడి, దానికి సంప్రదాయ రక్షణ అని పేరు పెట్టుకుంటున్నాం.

పరాయి పురుగు ఏం చేస్తుందో చెప్పడానికి గుంటూరు, ఖమ్మం మిర్చి రైతుల్ని మించిన సాక్షులు లేరు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు 2021లో పూతను మాడ్చేస్తే వాళ్లు నిలువునా మునిగారు. 2018లో దేశంలో అడుగుపెట్టిన కత్తెర పురుగు మొక్కజొన్నను పట్టింది. పరాయి దేశపు కలుపు వయ్యారిభామ ఎక్కడ లేదో చెప్పడమే కష్టం. ఇన్ని దెబ్బలు తిన్న రైతుల బిడ్డలం పరాయి రైతు పొలానికి కాపలా ఉంటే ఎగతాళి చేస్తున్నాం. కోపం అంతగా ఆగకపోతే దాన్ని ఇటు తిప్పుకుందాం: శంషాబాద్‌లో దిగేవాడి పెట్టెలో ఏముందో అంత పట్టుగా ఎందుకు అడగరని మన ప్రభుత్వాన్నే నిలదీద్దాం. అడిగిన రోజు మాత్రం ‘నో’ కొట్టొద్దు, మునిగేది మన మిర్చే.