రెల్లు తవ్వుడు: సటీకా తాత్పర్యం

మూలం: "ఓ మల్లన్నా! గట్టు మీది రెల్లు వేళ్లతోని తవ్వి పారెయ్, లేకుంటే చెరుకును లేవనియ్యది!"

అవతారిక: బోధన్ శివారులో ఒక రైతు పక్క మడి రైతుకు వేసిన కేక ఇది. ఏకవాక్య కావ్యం.

ప్రతిపదార్థం: ఓ మల్లన్నా = ఓ పొలం పొరుగువాడా; గట్టు మీది = ఇద్దరిదీ అయినందున ఎవరూ బాగుచేయని చోటనున్న; రెల్లు = కాశతృణమును; వేళ్లతోని = నేలలో పాకే కాండంతో సహా; తవ్వి = పైపైన కోసి ఊరుకోక; పారెయ్ = ఎండకు మాడేట్టు విసిరివేయుము; లేకుంటే = బద్ధకించినచో; చెరుకును = పైరును; లేవనియ్యది = పిలకలు వేయనీయదు.

విశేషాలు: "వేళ్లతోని" అన్నదే వాక్యానికి ప్రాణం. కోసినా కాల్చినా రెల్లు చావదు, వాన పడగానే నేలలోని కాండం మళ్లీ మొలకేస్తుంది. వానలు వెనకపట్టగానే తెల్లని కుచ్చులు వేస్తుంది. ఆ నూగు గింజ గాలికెగిరి నిజాంసాగర్ కాలువ గట్లూ, మంజీర ఇసుకమేటలూ, కందకుర్తి దగ్గర గోదారి ఒడ్డూ ఎక్కుతుంది. లేతదైతే బర్రెలు మేస్తాయి. ముదిరితే ఆకు అంచు రంపం, ఒడిసి లాగితే వేలు తెగుతుంది. అప్పుడది గుడిసె కప్పుకు పనికొస్తుంది.

పూర్వపక్షం: రెల్లు చెరుకుకు శత్రువు.

సిద్ధాంతం: కాదు, తండ్రి! 1912లో కోయంబత్తూరులో చెరుకు పరిశోధన కేంద్రం వెలిసింది. అక్కడ సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్‌లు లావుపాటి తీపి చెరుకు పూతకు రెల్లు పుప్పొడి తగిలించారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో ఉత్తరాది పొలాలకు వెళ్లింది. నేటి చెరుకు రకాల క్రోమోజోముల్లో సుమారు పదో వంతు రెల్లువే. ఎండకు ఓర్చడం, తెగుళ్లను తట్టుకోవడం, నరికాక కార్శి తోట బలంగా లేవడం ఆ తండ్రి ఆస్తే. కొడుకు మడి గట్టున తండ్రికి జాగా లేదు. లోకంలో ఇది వింతేమీ కాదు. ఆయుర్వేదం మాత్రం తృణపంచమూలంలో ఇద్దరి వేళ్లనూ ఒకే కషాయంలో మరిగించింది.

పాఠభేదం: "చెరుకును" అన్నచోట కొత్త ప్రతుల్లో "వరిని" అని ఉంది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక బోధన్ చుట్టూ ఈ పాఠమే ఎక్కువ చెల్లుతోంది.

తాత్పర్యం: ఓ మల్లన్నా! గట్టు మీది రెల్లు తవ్వాల్సిందే. మంజీర ఒడ్డుది మాత్రం ముట్టకు, వరదకు మన్ను కోసుకుపోకుండా పట్టి ఉంచేది అదే.