సొంత షెడ్యూలర్ ఆసామి

లినక్స్ సర్వర్లు నడిచే ఆఫీసుల్లో సొంత షెడ్యూలర్ ఆసామి తరచుగా కనిపిస్తాడు. రాత్రి రెండింటికి బ్యాకప్ తీయాలన్నా, తెల్లారేసరికి రిపోర్టు మెయిల్‌లో పడాలన్నా 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్ నుంచీ క్రాన్ ఉంది. లినక్స్‌లో విరివిగా వాడే రకానికి మూలం పాల్ విక్సీ 1987లో రాసిన క్రాన్. ఇదంతా ఆసామికి తెలుసు. క్రాన్‌తో ఆయనకున్నది పాత పగ.

పగకు కారణాలు లేకపోలేదు. చేత్తో నడిపితే చక్కగా నడిచే స్క్రిప్టు క్రాన్‌లో పెడితే నడవదు, అక్కడ పాత్ వేరియబుల్ బాగా పొట్టిది కనుక. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ కోసం శాతం గుర్తు రాస్తే క్రాన్ దాన్ని లైను ముగింపుగా తీసుకుంటుంది. పైగా క్రాన్‌టాబ్‌ను దిద్దే ‘ఇ’, మొత్తం చెరిపేసే ‘ఆర్’ కీబోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. చెరిపేముందు అది ఒక్క మాటైనా అడగదు.

అందుకే ఆసామి ఓ సాయంత్రం కూర్చుని సొంతంగా రాసేస్తాడు. ఆగని వైల్ లూప్, అందులో టైము చూసే ఇఫ్, చివర స్లీప్ 60. ‘పది లైన్లు, అంతే తమ్ముడూ’ అని కనిపించిన ప్రతి జూనియర్‌కూ చూపిస్తాడు.

బ్యాకప్‌కు నలభై నిమిషాలు పట్టిన రోజున, ఆ నలభై నిమిషాల్లో మొదలవ్వాల్సిన మిగతా పనులన్నీ ఎగిరిపోతాయి. పని చివర యాంపర్‌సాండ్ తగిలించి దాన్ని వెనక్కి పంపుతాడు. ఇప్పుడు మొదటి బ్యాకప్ ముగియకముందే రెండోది మొదలై రెండూ ఒకే ఫైలు మీద పడతాయి. లాక్ ఫైలు పెడతాడు. ఫైలు ఉందో లేదో చూడటానికీ, సృష్టించడానికీ మధ్య సందులో రెండో ప్రాసెస్ దూరుతుంది. చివరికి ఎంకేడిర్ దొరుకుతుంది: డైరెక్టరీ లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే విఫలమవుతుంది, రెండూ ఒకే అడుగులో. ఆ వారమంతా క్యాంటీన్‌లో ఇదే ఉపన్యాసం. తర్వాత ఎవరో ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9తో చంపుతారు. ట్రాప్‌కు కూడా అందని చావు అది. లాక్ అలాగే మిగిలిపోయి బ్యాకప్ ఆగిపోతుంది. ఆ సంగతి ఎవరికో పాత ఫైలు అవసరమైనప్పుడే బయటపడుతుంది. ఫ్లాక్ వాడి ఉంటే, ప్రాసెస్ పోగానే కెర్నెలే తాళం తీసేది. కానీ ఫ్లాక్ ఆయన రాసింది కాదు.

అన్నిటికన్నా ముచ్చటైనది ఎనిమిదీ తొమ్మిదీ గంటల జబ్బు. ముందు సున్నా ఉన్న అంకెను బ్యాష్ లెక్కల్లో అష్టాంశ సంఖ్యగా తీసుకుంటుంది. ఆ పద్ధతిలో ఎనిమిదీ తొమ్మిదీ లేనే లేవు. కాబట్టి ఏడు దాకా బుద్ధిగా నడిచిన స్క్రిప్టు ఆ రెండు గంటలూ మొరాయించి, పదింటికి గుమాస్తాలా మళ్లీ పనిలోకి వస్తుంది. ఆసామి సర్వర్ గడియారాన్ని అనుమానిస్తాడు.

టైములు స్క్రిప్టులోంచి తీసి వేరే ఫైల్లో పెట్టడం తర్వాతి మెట్టు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గళ్లు, ఏదైనా సరే అనడానికి నక్షత్రం. ‘అన్నా, ఇది క్రాన్‌టాబేగా?’ అని జూనియర్ అడిగితే, ‘కాదు, ఇందులో కామెంట్లు తెలుగులో ఉన్నాయి’ అంటాడు.

ప్రాసెస్‌లు, సిగ్నల్స్, తాళాలు నేర్చుకోవడానికి ఈ కసరత్తు నిజంగా మంచిదే. క్రాన్ లేని చిన్న కంటెయినర్‌లో అలాంటి లూప్ తప్పు కూడా కాదు. నలుగురి జీతాల లెక్క నడిచే సర్వర్ మీద మాత్రం తప్పే. మిషన్ ఆగి ఉన్నప్పుడు తప్పిన పనిని, తిరిగి లేచాక చేసి పెట్టే సిస్టమ్‌డీ టైమర్లు కూడా ఇప్పుడున్నాయి. అవి ఎందుకు వాడవంటే, సిస్టమ్‌డీ మీద వేరే పగ ఉందంటాడు.

ఆసామి షెడ్యూలర్ అప్పుడప్పుడు చచ్చిపోతుంది. బతికుందో లేదో ఐదు నిమిషాలకోసారి చూసి, లేకపోతే లేపే లైను ఒకటి ఆయనే రాసి పెట్టాడు. అది క్రాన్‌టాబ్‌లో ఉంది.