మా రోజుల్లో కొసరుకు మొఖం ఉండె

మొన్నటి దసరాకు మా మనుమడు హైదరాబాద్ నుంచి వచ్చిండు. పొద్దుగూకంగ జమ్మిచెట్టు కాడికి పోయొచ్చి, నా అరచేతిలో ఆకు పెట్టి, "బంగారం తాతా" అని కాళ్లు మొక్కిండు. వాని తల మీద పెట్టిన చెయ్యి నేనింకా తియ్యనేలేదు, జేబులో ఫోన్ మోగింది. పోరడు ఎగిరి గంతేసిండు. "తాతా, ఎయిర్‌డ్రాప్ పడ్డది!" అన్నడు. వరదలొచ్చినప్పుడు హెలికాప్టర్ల నుంచి అన్నం పొట్లాలు వేసుడు ఒక్కటే నాకు తెలిసిన ఎయిర్‌డ్రాప్. వీనికి పడ్డది కంటికి కానరాదు, చేతికి అందది. క్రిప్టో టోకెన్లట. పండుగనాడు తాత ఆశీర్వాదం సగంలనే ఆగిపోయింది.

ఈ కాలపు పిల్లలతోని ఇదే తంటా. పెద్దోళ్ల మాట పూర్తిగ వినే ఓపిక లేదు గని, ఎవ్వడో ఊరు పేరు తెలియనోడు ఏదో ఇస్తడంటే రాత్రంతా మేలుకుంటరు. నేను ఊకోలేదు. రెండు దినాలు వాన్ని ముందు కూసోబెట్టుకోని, మల్లమల్ల అడిగి, అసలు ఈ కథేందో తెలుసుకున్న. తెలిసినంక నాకు అనిపించింది ఒక్కటే. ఇది మాకు తెల్వని ముచ్చటేం కాదు. దీని పేరు కొసరు.

నీకు కొసరు అంటే తెలుసో తెల్వదో బిడ్డా, సంచుల్లో సీలేసి వచ్చే సరుకు కొనేటోనివి. మా చిన్నప్పుడు ఆసిఫాబాద్ అంగడికి చుట్టుపక్కల గూడేల నుంచి, కెరమెరి ఘాట్ దిక్కు నుంచి జనం ఎడ్లబండ్ల మీద వచ్చేటోళ్లు. జొన్నలు కొలిచేటాయన మొదటి మానికను "ఒకటి" అనకపోయేది, "లాభం" అని మొదలుపెట్టేది. కొలుసుడు అయిపోయినంక మా అవ్వ సంచి మూతి కట్టకుండ అట్లనే నిలబడేది. ఆయన ఇంకో దోసెడు తీసి సంచిలో పోసేది. అదీ కొసరు. అది అందరికీ రాకపోయేది. ఏడాదంతా ఆ దుకాణం విడువకుండ, వాన పడ్డా, పెద్దవాగు పొంగినా వచ్చినోళ్లకు వచ్చేది. ఒకరికొకరు మొఖం ఎరిగి ఇచ్చుకున్నది. ఆ దోసెడు గింజలతోని మా ఇల్లు నిండలేదు గని, అవ్వ ఇంటికొచ్చేదాకా దాని ముచ్చటే చెప్పేది.

ఇప్పుడు మనుమడు చెప్పింది విను. యూనిస్వాప్ అని ఒక సంత ఉన్నది, కంప్యూటర్ల మీద నడిచేది, ఒక రకం నాణెం ఇచ్చి ఇంకో రకం తీసుకునేది. 2020 సెప్టెంబర్‌లో అది, ఆ నెల 1వ తేదీకి ముందు ఒక్కసారన్న అక్కడ మారకం చేసినోళ్ల ఖాతాల్లో, ఒక్కో ఖాతాకు 400 టోకెన్లు వేసింది. మారకం చేయబోయి అది ఫెయిల్ అయినోళ్లకు గుడ ఇచ్చింది. ఆనాటి ధరకు అవి సుమారు 1,200 డాలర్లు. ఊకెనే ఎందుకిచ్చిండ్రు అని అడిగిన. ఆ దినాల్లోనే సుషీస్వాప్ అని పక్కన ఇంకో దుకాణం లేచి వీళ్ల గిరాకీని గుంజుకపోతుండెనట. ఉన్న గిరాకీ చెదరకుండ వీళ్లు సంతలో వాటా లాంటిది, సంత ఎట్ల నడవాల్నో ఓటేసే హక్కు, వాడేటోళ్లకే పంచిండ్రు. ఇంత చెప్పేసరికి నేను మెత్తబడ్డ. ఇది ఆ జొన్నలు కొలిచేటాయన పోసిన దోసెడే. ముందు వచ్చినోన్ని గుర్తుపెట్టుకోని ఇచ్చిందే.

మాకు ఇంకో లెక్క గుడ ఉండె. ఎండకాలం తునికాకు కోసేటోళ్లను అడుగు. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు తెంపుకొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఆరబెట్టేటోళ్లు. కూలి అప్పటికప్పుడు వచ్చేది. తర్వాత ఆకు అమ్మిన రాబడిలో మిగిలిన దాని నుంచి బోనస్ అని ఇంకింత వచ్చేది. ఎవ్వరు ఎన్ని కట్టలు తెచ్చిండ్రో రాసుకున్న పుస్తకం చూసి పంచేటోళ్లు. ఈ టోకెన్లు పంచేటోళ్లూ అంతేనట. ఒక తేదీ పెట్టుకోని, ఆనాటికి ఎవ్వని ఖాతాలో ఏమున్నదో, ఏం చేసిండో ఫోటో తీసినట్టు రాసుకుంటరు. దాన్ని స్నాప్‌షాట్ అంటరు. ఆ తేదీ దాటినంక ఉరికొచ్చినోనికి ఏం దొరకదు. తునికాకు కొయ్యనోనికి బోనస్ లేదు, ఇక్కడా అంతే. ఇందులో నాకు తప్పేం కనబడలేదు.

మరి చెడిపోయింది ఎక్కడంటే, కొసరు కోసమే అంగడికి పోవుడు మొదలైన కాడ. యూనిస్వాప్ ఇచ్చింది చూసి, రేపు ఎవ్వరిస్తరో అని ప్రతి కొత్త దుకాణం ముంగట జనం నిలబడ్డరు. ఒక్కడే వంద ఖాతాలు తెరిచి, వంద మంది వేషం కడతడు. సిబిల్ అని పేరు పెట్టిండ్రు దానికి. 2023 మార్చిలో ఆర్బిట్రమ్ అనేటోళ్లు టోకెన్లు పంచినప్పుడు అసొంటోళ్లను ఏరిపారేసే పనే పెద్ద పనైంది. మా అంగడిల మా అవ్వ ఒకసారి పచ్చ చీరె కట్టి, ఇంకోసారి ఎర్ర చీరె కట్టి వచ్చి, రెండు కొసర్లు అడిగి ఉంటే ఆమె మొఖం మల్ల ఎవ్వరూ చూడకపోదురు. ఇప్పుడు మొఖమే లేదు, ఇగ సిగ్గెక్కడిది?

మల్ల ఆ చిట్టెలుక ఆట ఒకటి, హామ్‌స్టర్ కాంబాట్. 2024లో ఫోన్ మీద వేలితోని కొడుతనే ఉండాలె. మా గల్లీ పోరలు గుడ అరుగు మీద కూసోని కొట్టిండ్రు. 30 కోట్ల మంది ఆడిండ్రని ఆ ఆటోళ్లే చెప్పుకున్నరు. ఆ సెప్టెంబర్ 26న టోకెన్లు పంచితే, నెలల కొద్దీ వేళ్లరగ కొట్టిన పోరనికి చాయ్ పైసలు వచ్చినయి. ఆ పోరలు అదే పొద్దంత పత్తి ఏరబోతే సాయంత్రానికి కూలి చేతిల ఉండేది. మా రోజుల్లో పనికి కూలి ముందే మాట్లాడుకునేటోళ్లు. ఎంత ఇస్తరో చెప్పకుండ ఆరు నెలలు పని చేయించుకునుడు మా ఊరిల ఏ దొరకూ చెల్లకపోవు.

ఇదంత విని మా మనుమడు ఒక మాటన్నడు. "తాతా, నువ్వు కొత్త పైసను ఎప్పుడు నమ్మినవు?" అది నన్ను కుదురుగ ఉండనియ్యలేదు. మా తాత కాడ నిజాం కాలపు హాలీ సిక్కా ఉండె, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయలు. 1950 తర్వాత ఇండియా రూపాయి వచ్చింది, దాన్ని మేము కల్దార్ అనేది. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. రెండూ కొన్నేండ్లు పక్కపక్కనే నడిచినయి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినయి, అణాలు, బేడలు పోయి రూపాయికి 100 పైసలైనయి. బడిల మాకు లెక్కలు మల్ల మొదటి నుంచి నేర్పిండ్రు. మా తాత మాత్రం చార్మినారే అసలు పైస అని మూట కట్టి కుండల పెట్టిండు. 1959లో హాలీ సిక్కా చెల్లకుండ పోయింది. ఆ కుండ కాడ ఆయన కూసున్న తీరు నాకింకా యాదికున్నది. పాతదాన్నే పట్టుకోని కూసున్నోడు గుడ మోసపోతడని నాకు తెలుసు. అందుకే మనుమన్ని "మానేయ్" అనలేదు. "ఎరుక కలిగి చెయ్యి" అన్న. నీకూ అదే చెప్తున్న.

ఒకటి. నిజంగ పనికొచ్చే దాన్నే వాడు, కొసరు రాకపోయినా నష్టపోనంత వాడు. దీనికోసం వేరే వాలెట్, అంటే టోకెన్లు ఉంచే ఖాతా, పెట్టుకో, అందులో నువ్వు పోగొట్టుకున్నా ఏడవనంత పైసలే ఉంచు. రెండు. వాలెట్ తెరిచే 12 మాటలో, 24 మాటలో ఉంటయి, సీడ్ ఫ్రేజ్ అంటరట. అది ఇంటి బీరువా తాళం చెవి. ఎయిర్‌డ్రాప్ ఇస్తమని ఆ మాటలు అడిగినోడు దొంగ, ఇందులో రెండో మాట లేదు. మూడు. టోకెన్ తీసుకునేటప్పుడు నెట్‌వర్క్‌కు కొద్దిగ ఖర్చు అవుతది, దాన్ని గ్యాస్ అంటరు. అది వేరు. "ముందుగ ఇంత ఫోన్‌పే కొట్టు, తర్వాత టోకెన్లు వేస్త" అనేటోడు వేరు. నాలుగు. క్లెయిమ్ బటన్ నొక్కి వాలెట్ కలిపితే ఒక అనుమతి అడుగుతది. దొంగ సైటుకు ఆ అనుమతి ఇస్తే, నీ సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు చేతిల పెట్టినట్టే. మా మనుమని దోస్తు ఒకడు అట్ల ఒక్క నొక్కుకు నెల జీతం పోగొట్టుకున్నడు.

అయిదు. టోకెన్ పడ్డనాడే ధర చూసి ఉబ్బిపోకు. అందరికీ ఒక్కనాడే వస్తయి, అందరూ ఒక్కనాడే అమ్ముతరు. జిల్లా పత్తంత ఒక్క వారంల మార్కెట్‌కు వస్తే ధర ఏమైతదో ఆసిఫాబాద్ రైతు బిడ్డకు నేను చెప్పాల్నా? 2014లో ఐస్‌లాండ్ దేశంల అరోరాకాయిన్ అని మనిషికి 31.8 నాణేలు పంచిండ్రు. కొన్ని వారాల్లోనే వాటి ధర కూలిపోయింది. ఆరు. సర్కారు లెక్క మరువకు. 2022 నుంచి వీటిని అమ్మిన లాభం మీద 30 శాతం పన్ను, ఆ ఏడు జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక దాంట్ల వచ్చిన నష్టాన్ని ఇంకో దాని లాభంల తీసేసుకోనియ్యరు. ఉత్తగ వచ్చింది గద అని దాచకు, ఏ తేదీన ఎంత వచ్చిందో రాసి పెట్టుకోని చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపెట్టు. మా తునికాకు కల్లంల గుడ పుస్తకం ఉండె.

ఏడోది అన్నిటికన్న పెద్దది. "నువ్వు చేరు, ఇంకో ఇద్దర్ని చేర్పియ్" అన్నోని మొఖం చూడకు. అది ఎయిర్‌డ్రాప్ కాదు, గొలుసుకట్టు. మన పక్కనున్న నిర్మల్‌లనే 2024లో యూబిట్ కాయిన్ పేరు మీద నడిచిన దందాపై పోలీసులు కేసులు పెట్టిండ్రు. చదువు రానోళ్లే మోసపోతరనుకుంటే తప్పు, పిల్లలకు చదువు చెప్పే సార్ల పేర్లు గుడ అందులో వచ్చినయి. చుట్టం చెప్పిండని నమ్మి, ఆ చుట్టం గుడ ఇంకొకన్ని నమ్మి, చివరికి ఏ మొఖమూ లేనోని చేతిల పైసలు పెట్టిండ్రు. నాకు కడుపుల మంట పెట్టేది ఇదే. మా రోజుల్లో నమ్మకం మనిషి నుంచి మనిషికి వచ్చేది, అది తప్పితే అడిగేందుకు ఇల్లు తెలిసేది. ఇప్పుడు నమ్మకం మన చుట్టాల నుంచి తీసుకుంటున్నరు, పైసలు మాత్రం ఎటు పోతున్నయో ఎవ్వరికీ తెల్వదు.

బిడ్డా, జమ్మి ఆకుకు బజార్ల పైస ధర లేదు. అయినా దాన్ని బంగారం అని అందుకుంటం. ఎందుకంటే ఇచ్చే చేతిని ఎరుగుదుము. ఏ టోకెన్ వచ్చినా ముందు ఆ చెయ్యి ఎవ్వరిదో చూడు, ఎందుకిస్తున్నడో అడుగు. చూసి, అడిగి, నచ్చితే తీసుకో. ఎప్పుడన్న మోసపోతే సిగ్గుపడి దాచిపెట్టకు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, ఇంట్ల చెప్పు. వచ్చే దసరాకు ఊరికి రా. ఆకు చేతిల పెట్టినంక ఫోన్ జేబులనే ఉండనియ్యి, నా ఆశీర్వాదం పూర్తి కానియ్యి.