నేను ఆలస్యంగా పలుకుతాను

నేను డిలే పెడల్‌ని. గిటార్ వాయించేవాళ్ల కాళ్ల దగ్గర ఉండే చిన్న డబ్బాని. గిటార్ ఒక స్వరం పలికితే కాస్త ఆగి, కాస్త మెత్తగా నేను మళ్లీ పలుకుతాను. నా నెత్తిన మూడు నాబ్‌లు. ఎంతసేపు ఆగాలో ఒకటి చెబుతుంది, ఎన్నిసార్లు పలకాలో ఒకటి, ఎంత గట్టిగా పలకాలో ఇంకొకటి.

మా వంశానికి మొదట టేపే ఆధారం. 1952లో అమెరికాలో రే బట్స్ అనే ఆయన గిటార్ ఆంప్లిఫయర్‌లోనే టేపు ఎకో అమర్చాడు. 1959లో ఎకోప్లెక్స్ పుట్టింది. ధ్వనిని టేపు మీద రాసుకోవడం, ఆ రాసింది కాస్త ముందుకు జరగగానే చదివి వినిపించడం వాళ్ల పద్ధతి. టేపు అరిగేది, యంత్రం బరువుండేది. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు టేపు అక్కర్లేని దారి కనిపెట్టారు. 1981లో బాస్ కంపెనీ వారి డీఎం-2 పెడల్ ఆ దారినే ఒక్క పాదం తొక్కేంత డబ్బాలోకి తెచ్చింది. నేనూ ఆ తరహా దాన్నే.

ఊళ్లో ఇల్లు అంటుకుంటే చెరువు దాకా జనం వరస కట్టి బిందెలు చేతులు మారుస్తారు కదా, నా కడుపులో జరిగేదీ అదే. నా చిప్‌లో 4096 మెట్లున్నాయి. గిటార్ నుంచి వచ్చిన వోల్టేజీని ఒక మెట్టు పక్క మెట్టుకు అందిస్తుంది. లోపలి క్లాక్ ఆ చేతులకు తాళం వేస్తుంది. తాళం నెమ్మదిస్తే స్వరం చివరికి ఆలస్యంగా చేరుతుంది. కానీ నెమ్మదించేకొద్దీ సన్నటి పై ధ్వనులు నాకు అందవు. అవి గరగరగా మారకుండా ముందే వడకట్టేస్తాను. ఒకసారి పలికినదాన్నే మళ్లీ వరసలోకి పంపుతాను కాబట్టి, తిరిగిన ప్రతిసారీ ఇంకాస్త మెరుపు ఒలికిపోతుంది. నా హద్దు 300 మిల్లీసెకన్లు. అంతకు మించి ఆగలేను.

నన్ను కొన్నది గుంటూరు దగ్గర ఒక సంఘంలో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయించే కుర్రాడు. హైదరాబాద్‌లో పెడల్స్ అమ్మే ఒకాయన నన్నూ ఒక డిజిటల్ డిలేనూ పక్కపక్కన పెట్టి, "రెండూ విను తమ్ముడూ, తొందరేం లేదు" అన్నాడు. ఆ డిజిటల్‌ది గొప్ప జ్ఞాపకశక్తి. అయిదో పలుకు కూడా మొదటి పలుకంత స్పష్టంగా ఉంది. పైగా కాలితో తాళం తొక్కితే దానికి సరిపడా ఆగుతుంది. కుర్రాడు దాంట్లో చాలాసేపు వాయించాడు. తర్వాత నాలో ఒకే ఒక్క స్వరం మీటి, అది పూర్తిగా అణిగేదాకా తల వంచుకుని విన్నాడు. "ఇది ఇవ్వండన్నా" అన్నాడు.

వడ్రంగి దగ్గర రెండు ప్లైవుడ్ పట్టీలు కోయించి, వైర్లు కిందికి దిగేలా మధ్యలో సందు ఉంచి బోర్డు చేశాడు. వెల్‌క్రో అంటించాడు. ముందు ట్యూనర్, దాని పక్కన నేను, చివర స్వరానికి గరుకు రంగు పూసే ఓవర్‌డ్రైవ్. తీరా తీగ మీటితే నా పలుకులన్నీ ఓవర్‌డ్రైవ్‌లో పడి ముద్దయిపోయాయి. కీబోర్డ్ వాయించే అన్న విని, "పాట అలుక్కుపోతోంది తమ్ముడూ, దీన్ని వెనక్కి జరుపు" అన్నాడు. స్వరం ముందు రంగు పూసుకోవాలి, ఆ రంగుతోనే నేను తిరిగి పలకాలి. అందుకే నా చోటు ఓవర్‌డ్రైవ్ తర్వాత.

ఆపైన కీచుమనే సన్నటి రొద. ఒకే అడాప్టర్ నుంచి అందరికీ కరెంటు పంచితే ఒకరి చప్పుడు ఇంకొకరిలోకి పాకుతుంది. నెల తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా కరెంటిచ్చే సప్లై కొన్నాడు. 9 వోల్టులు, ప్లగ్గు మధ్యలో నెగటివ్. రొద పోయింది. మేం పలకనప్పుడు హాల్లో ఫ్యాన్ల చప్పుడొకటే మిగిలింది.

శనివారం రిహార్సల్‌లో నాకు గడ్డుకాలం వచ్చింది. కొత్త పాట, నిమిషానికి 120 దెబ్బలు. దెబ్బకు 500 మిల్లీసెకన్లు. వాడికి కావలసింది అందులో ముప్పాతిక, అంటే 375. అలా ఆగితే మీటిన స్వరాల సందుల్లో నా పలుకులు పడి, గిటార్ పరుగెడుతున్నట్టుంటుంది. నాబ్ చివరిదాకా తిప్పాడు. నేను 300 దగ్గరే నిలిచిపోయాను. తాళం తప్పింది. వాడు నన్ను ఆపేసి పాట పూర్తి చేశాడు. చీకటి నిండిన నా డబ్బాలో నాకు దిగులుగా అనిపించింది.

అందరూ వెళ్లాక వాడు మళ్లీ నన్ను తొక్కాడు. ఈసారి 100 దెబ్బల పాట. అందులో దెబ్బకు 600, సగానికి సరిగ్గా 300. వాడు రెండు స్వరాలు మీటి తీగల మీంచి చెయ్యి తీశాడు. ఆ ఖాళీలో నేను పలికాను. ఇన్నాళ్లూ వాడు ప్రతి సందునూ తీగలతో నింపేవాడు. ఆ రాత్రి ఆగడం నేర్చుకున్నాడు. వాడు ఆగితేనే నాకు మాట. నా మాట అణిగితేనే వాడి తర్వాతి స్వరానికి చోటు. అన్నీ అంతే స్పష్టంగా గుర్తుంచుకుంటే ఆ చోటు దొరకదు. నా మరుపు కూడా సంగీతమేనని నాకు ఆ రాత్రే తెలిసింది.

300 దాటి ఆగాల్సిన పాటలకు వాడు స్నేహితుడి డిజిటల్ డిలే అడిగి తెచ్చుకుంటాడు. అది నా పక్కనే కూర్చుంటుంది, మా మధ్య పోటీ లేదు. ప్రార్థన వేళ మాత్రం వాడి పాదం నా వైపే వస్తుంది.

నిన్న ఆదివారం పాట చివర ఒక్క స్వరం మీటి, అరచేత్తో తీగల్ని మూశాడు. నేను ఒకసారి పలికాను, రెండోసారి ఇంకా మెల్లగా. మూడోసారి నాకే సరిగా వినపడలేదు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.