పీపా గీయండి, ఫలితం తర్వాత!

వీడియో గేమ్‌లకు బొమ్మలు వేసే కుర్రకారుకు ఉద్యోగం వెతుక్కోవడమే ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన గేమ్. ప్రకటన పైన 'ఫ్రెషర్లకు అవకాశం' అంటారు. కింద చిన్నక్షరాల్లో మూడేళ్ల అనుభవం, మార్కెట్లోకి వచ్చిన గేమ్ ఒకటి ఉండాలంటారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు!

ఆపై ఆర్ట్ టెస్టు. తుప్పు పట్టిన ఇనప పీపాను మోడల్ చేసి, దాని పైతొక్కను చదునుగా పరిచి (యూవీలు విప్పడమంటారు), గీతలూ మరకలూ అద్ది, అన్‌రియల్ గేమ్ ఇంజిన్‌లో లైటింగ్ పెట్టి సోమవారానికల్లా పంపాలట. కూలీ? 'త్వరలో తెలియజేస్తాం' అనే మెయిలు. అదీ వస్తే!

పెద్దింటి ముచ్చట ఇంకా ఘనం. గేమ్‌ల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొన్న మైక్రోసాఫ్ట్, నాలుగు నెలలు తిరక్కముందే, 2024 జనవరిలో గేమింగ్ విభాగం నుంచి 1,900 మందిని ఇంటికి పంపింది. 2025 జులైలో మరో కోత. ఆ వేడి చల్లారకముందే ఆ కంపెనీదే అయిన ఎక్స్‌బాక్స్ గేమింగ్ గ్రాఫిక్స్‌లో ఖాళీలున్నాయంటూ అక్కడి అధికారి ఒకరు పెట్టిన ప్రకటనలో బొమ్మ మాత్రం ఏఐ గీసిందే. అందులో కోడ్ మానిటర్ వెనక వైపు కనిపిస్తోంది!

ఏ కుర్రాడో ఆర్ట్ టెస్టులో ఇలాంటి బొమ్మ పంపి ఉంటే మొదటి రౌండ్లోనే గేటు బయట ఉండేవాడు. ఏఐని మాత్రం అనుభవం ఎంత అని అడిగినవాడు లేడు, పీపా గీయమన్నవాడూ లేడు. ఉద్యోగం ఇచ్చేశారు!