కిల్టు పద్యము: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక.

ఉన్ని కుచ్చిళ్ళు చుట్టుకొని కొండలెక్కు ధీరుని వర్ణించు ఈ ఆటవెలది స్కాట్లండు దేశపు హైలాండ్సు సీమకు సంబంధించినది. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతయే కర్త యని కొందరు శంకింతురు. యతులు చక్కగా కుదిరినవి గనుక ఆ నిందను వ్యాఖ్యాత గట్టిగా ఖండింపడు.

కొండ నెక్కువాఁడు కుచ్చిళ్ళ కిల్టుతో
గాలి వాన దోమ గణము గెలిచి
ముందు సంచి యూఁగ మోకాళ్ళు చలికోర్వ
నవ్వువారిఁ జూచి నవ్వి సాగు.

ప్రతిపదార్థము.

కొండన్ = పర్వతమును (ఇంటి వెనుక గుట్ట కాదు. 1891లో సర్ హ్యూ మన్రో పట్టిక వేసిన నాటినుండి ఆ దేశమున 3,000 అడుగులు దాటిన ముఖ్య శిఖరములకు ఆయన పేరే స్థిరపడినది. నేటి లెక్కకు అవి 282; వానిలో మిన్న 1,345 మీటర్ల బెన్ నెవిస్); ఎక్కువాఁడు = ఆరోహించు పురుషుడు; కుచ్చిళ్ళ కిల్టుతో = వెనుక మడతలును, ముందు ఒకదానిపై నొకటి కప్పు రెండు చదును పొరలును గల ఉన్ని వస్త్రముతో (సంప్రదాయపు కొలత 8 గజములు, బరువు సుమారు 2 కిలోలు); గాలి వాన దోమ గణము = స్పష్టము; గెలిచి = జయించి (ఇందు వివాదము కలదు); ముందు సంచి = స్పోరన్ అనెడి తోలు సంచి; ఊఁగ = ఊగుచుండగా; మోకాళ్ళు చలికి ఓర్వ = వేరే గతి లేక ఓర్చుకొనగా; నవ్వువారిఁ జూచి = దారిలో ఎదురైన ప్యాంటుధారులను చూచి; నవ్వి = తానును నవ్వి; సాగు = పోవును.

తాత్పర్యము.

కిల్టు కట్టినవాడు కొండ ఎక్కుచున్నాడు.

విశేషములు.

“కిల్టుతో” అనుచోట తృతీయ సహార్థమా, కరణార్థమా అని ప్రశ్న. కిల్టును వెంటబెట్టుకొని ఎక్కుచున్నాడా, కిల్టు సాయమున ఎక్కుచున్నాడా? పెండ్లికి అద్దెకు తెచ్చుకొన్న వానికి సహార్థమే చెల్లును. సాయంకాలము తిరిగి ఇచ్చువరకు అది వానితో నుండును, అంతే. కొండవానికి మాత్రము కరణార్థమే. ప్రమాణమేమనగా, 16వ శతాబ్దినుండి కానవచ్చు పెద్ద కిల్టు కుట్టిన బట్టయే కాదు. నిడుపాటి కంబళిని నేలపై పరచి, కుచ్చిళ్ళు మడిచి, దానిపై పండుకొని, నడుమునకు పట్టీ బిగించి లేచెడివారు. మిగిలిన పైభాగము వానకు ముసుగు, చలికి శాలువ. రాత్రి పట్టీ విప్పిన అదియే పడక. నేటివారు గుడారమనియు, స్లీపింగ్ బ్యాగనియు, రెయిన్‌కోటనియు విడివిడిగా కొని వీపున మోయు సరంజామా అంతయు అందే ఇమిడియున్నది. నడుము క్రిందికి మాత్రము కుదించిన చిన్న కిల్టును 1720ల ప్రాంతమున ఇనుప కొలిమి నడుపు రాలిన్సన్ అను ఇంగ్లీషువాడు కనిపెట్టెనని ఒక వాదము. స్కాట్లండు పండితులు దీనిని అంత సులువుగా ఒప్పుకొనరు. ఒప్పుకొనక పోవుటయే వారికి శోభ.

హైలాండ్సు సీమవారిని లొంగదీయుటకు 1746లో చేసిన శాసనము ఈ వేషమును నిషేధించినది. మొదటి తప్పునకు 6 నెలల చెర, రెండవ తప్పునకు 7 ఏండ్లు సముద్రము దాటించుట. సైన్యమునకు మాత్రము మినహాయింపు ఇచ్చిరి. అనగా కిల్టుతో తన కొండ తానెక్కుట నేరము, అదే కిల్టుతో రాజుకొరకు చచ్చుట కర్తవ్యము. 1782లో శాసనమును ఎత్తివేసిరి. కాని సుమారు 35 ఏండ్లు మొలకు దూరమైన బట్ట తిరిగి వచ్చునప్పటికి పనిబట్టగా గాక పండుగబట్టగా వచ్చినది. కరణము సహార్థమైన కథ ఇది. కావున నేడు కిల్టుతో కొండ ఎక్కువాడు వింతమనిషి కాడు, పాత వ్యాకరణము నమ్మినవాడని వ్యాఖ్యాత మతము.

“గాలి వాన దోమ” ఇది ద్వంద్వ సమాసము. మూడును శత్రువులే యని పూర్వవ్యాఖ్య. అది పొసగదు. దోమ యనగా ఇక్కడ మిడ్జ్ అను నుసుము. రెక్కల నిడివి మిల్లీమీటరున్నర లోపే, గుంపు మాత్రము మేఘమంత. మే మొదలు సెప్టెంబరు వరకు దానిదే రాజ్యము, కుట్టునది ఆడుది. ఇది చిరుగాలికే ఎగురలేదు, గంటకు పదిపన్నెండు కిలోమీటర్ల గాలి వీచిన చాలును గడ్డిలో నక్కును. గాలి దోమకు శత్రువు గనుక ఆరోహకునికి మిత్రము కావలెను. అయ్యో, గాలి లేచిన కుచ్చిళ్ళును లేచును! నిశ్చలముగా నున్నచో రక్తహాని, వీచినచో మానహాని. రెండింటిని ఒకేసారి గెలుచుట ఎవరి తరమును గాదు. అందువలన “గణము గెలువ” అను పాఠాంతరమే మేలు. అప్పుడు గెలుపు దోమలది, నడక మనవానిది. ఛందస్సునకు భంగము లేదు, అనుభవమునకును లేదు.

గాలికి విరుగుడుగా ముందు పొరకు పెద్ద పిన్ను గుచ్చుదురు. పైపొరకు మాత్రమే గుచ్చవలెను. రెండు పొరలను కలిపి గుచ్చిన విసురుగాలికి గుడ్డ చిరిగి, కాపాడవలసిన మానమునే అది బయటపెట్టును.

“వాన”. తడిసిన ప్యాంటు కాలికి అంటుకొని అడుగడుగునకు ఈడ్చును. కిల్టు క్రింద తడియునది చర్మమే, చర్మము నడకలోనే ఆరును. ఉన్ని తడిసియు కొంత వెచ్చదనము నిలుపుకొనును. 1944 జూన్ 6న నార్మండీ తీరమున బిల్ మిల్లిన్ అను బ్యాగ్‌పైపు వాద్యకాడు కిల్టుతో పడవ దిగి నీటిలో నడువగా, ఆ బట్ట చుట్టును విప్పారి తేలినదట. దీనిపై పూర్వపక్షము: మొదటి ప్రపంచ యుద్ధపు కందకములలో అవే కుచ్చిళ్ళు బురద పీల్చి, అంచు గడ్డకట్టి, మోకాళ్ళ వెనుక చర్మమును కోసినవి, మడతలలో పేలు కాపురము పెట్టినవి. సమాధానము: కందకము కొండ కాదు. నిలుచుండు చోట దోషమైనది నడుచు చోట గుణమగును.

నడుచు చోటను ఒక చిక్కు కలదు. ఫెర్న్ పొదలలో పిడుదులు కలవు, వానివలన లైమ్ వ్యాధి వచ్చును. మేజోళ్ళు మోకాలి క్రిందివరకు లాగవలెను. ఇంతకన్న శాస్త్రము లేదు.

“మోకాళ్ళు చలికోర్వ”. 1822లో నాల్గవ జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపిన వేడుకలలో కిల్టు ధరించి లోపల గులాబిరంగు మేజోళ్ళు తొడిగెను. కనుక ఆ రాజునకు ఈ పద్యము వర్తింపదు.

“ముందు సంచి యూఁగ”. కవి వెనుక సంచిని మరచెను. ఇది పద్యమున గొప్ప లోపము. వీపుసంచి నడుముపట్టీ సరిగా కిల్టు బకిల్సుమీద వచ్చి కూర్చుండును, తోలు సంచి ప్రతి అడుగునకు కొట్టును. అందుచేత అనుభవజ్ఞులు స్పోరన్‌ను ప్రక్కకు త్రిప్పుదురు, లేదా ఇంటనే విడుతురు. అమెరికాలో సియాటిల్ నగరమున 2000 సంవత్సరమున మొదలైన యుటిలికిల్ట్సు అను కంపెనీ కిల్టుకే జేబులు కుట్టినది. ఆ దేశపు దూరపు బాటలలో నెలల తరబడి నడుచువారు కొందరు తొడల ఒరిపిడి తప్పునని తేలిక కిల్టులు తొడుగుదురు. నియమపరులు వానిని కిల్టులే కావందురు. తొడ ఒరిసినవాని మాటకే ఇచట ప్రామాణ్యము.

“నవ్వువారిఁ జూచి”. నవ్వువారు రెండు తెగలు. చూచి నవ్వువారు, ప్రశ్న అడిగి నవ్వువారు. ఆ ప్రశ్న కిల్టు లోపల ఏమున్నదనునది, లోకమునకు విదితము. శాస్త్రములు దీనిపై మౌనము వహించినవి, వ్యాఖ్యాతయు వహించును. ఆచారము మాత్రము ఒకటి కలదు. హైలాండ్సులో జింకలు దాటకుండ ఎత్తైన కంచెలు, వాని నెక్కి దిగుటకు నిచ్చెనలు ఉండును. గుంపులో నడుచునప్పుడు కిల్టుధారి అందరికన్న చివర ఎక్కవలెను. మర్యాదకొరకు ఆయనను ముందు పొమ్మనువాడు మర్యాదస్థుడు కాడు.

“సాగు” అనినాడే గాని దిగుట గూర్చి కవి చెప్పలేదు. శిఖరమునుండి దిగునప్పుడు గాలి వెనుకనుండి వచ్చినచో, కుచ్చిళ్ళు ఉన్నది వెనుకనే, పిన్ను ఉన్నది ముందు. దానికి వేరొక పద్యము కావలెను.